పట్టా పొలంలో కుటుంబ సమాధులు: ‘శ్మశానం’ అని రాయించాలా, పట్టాగానే ఉంచాలా?

రేగడినేల:
పెద్దలను సొంత పొలంలోనే మట్టి చేసే ఆనవాయితీ మన రెండు రాష్ట్రాల్లో చాలా ఇళ్లలో ఉంది. లింగాయతులు, జంగాలు, ముస్లింలు, క్రైస్తవులనే కాదు, ఊరి కాటికి పోకుండా చేను గట్టున, చెట్టు కింద నాలుగు సమాధులు కట్టుకున్న కుటుంబాలు ఎన్నో. బైపాస్ రోడ్డో, కాలువో, పారిశ్రామిక వాడో వచ్చినప్పుడు ఆ నాలుగు సెంట్ల సంగతి ఎవరికీ పట్టదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. నాలుగెకరాల సర్వే నంబరు, అందులో 5 సెంట్లలో సమాధులు. అడంగల్‌లో మొత్తం మెట్ట అనే ఉంది, సమాధుల ఊసు ఎక్కడా లేదు. భూసేకరణ నోటిఫికేషన్ ఇంకా రాలేదు. ఆ 5 సెంట్లను రికార్డులో ‘శ్మశానం’ అని మార్పించుకుంటే రక్షణ అని కొందరు, అదే కొంప ముంచుతుందని కొందరు అంటున్నారు. సర్వే, చట్టం తెలిసినవాళ్లు చెప్పండి.

సర్వేగొలుసు:
మార్పించుకోవద్దు. రెవెన్యూ రికార్డులో శ్మశానం అంటే ఆచరణలో పోరంబోకు, అంటే ప్రభుత్వ నేల. పట్టా వదులుకుంటున్నట్లు రాసిస్తే తప్ప సాధారణంగా ఆ మార్పు చేయరు. ఏపీలో ఉన్న 1994 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం శ్మశాన పోరంబోకులు పంచాయతీకి దఖలు పడతాయి, అదీ ప్రభుత్వానికి వేరే అవసరం లేనంతవరకే. అంటే రేపు అవసరం వచ్చిందని ఒక ఉత్తర్వుతో వెనక్కి తీసుకోవచ్చు. అప్పుడు మీరు భూయజమాని కాదు, ఊళ్లో ఒకరు, అంతే. అభ్యంతరానికి బలం ఉండదు, పరిహారం మీ పేరున రాదు.

రెండో ప్రమాదం రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ జాబితా, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా. సబ్ డివిజన్ కాకుండా శ్మశానం అన్న మాట రికార్డులోకి ఎక్కితే, 5 సెంట్ల బదులు నాలుగెకరాల నంబరు మొత్తం నిషేధిత జాబితాలోకి పోయే అవకాశం ఉంది. దాన్ని బయటికి తీయించడానికి కలెక్టరు కార్యాలయం చుట్టూ తిరగాలి.

చేయాల్సింది వేరే ఉంది. సర్వేయరు వచ్చి హద్దులు చూపడానికి ఎఫ్-లైన్ దరఖాస్తు పెట్టండి. హద్దులు తేలాక ఆ 5 సెంట్లను పట్టాగానే ఉంచి సబ్ డివిజన్ చేయించండి. ఎఫ్ఎంబీలో (సర్వే కొలతల పటాల పుస్తకంలో) ప్రత్యేక ముక్కగా పడాలి. ఏపీలో రీసర్వే అయిన ఊళ్లలో సర్వే నంబరు పోయి ఎల్‌పీ (ల్యాండ్ పార్సెల్) నంబరు వచ్చింది. అన్నదమ్ములందరినీ కలిపి జాయింట్ ఎల్‌పీఎం (ఉమ్మడి ల్యాండ్ పార్సెల్ మ్యాప్) ఇచ్చి ఉంటే ముందు దాన్ని విడగొట్టించాలి. పాత నంబరుకూ కొత్త ఎల్‌పీ నంబరుకూ పొంతన చూపే కాగితం దగ్గర లేకపోతే గెజిట్‌లో మీ నంబరు వచ్చినా గుర్తుపట్టలేరు.

పాతపహాణీ:
సర్వేగొలుసు గారి సబ్ డివిజన్ మాటకు ఒప్పుకుంటాను, మిగతాదానికి కాదు. పట్టా అంటే ప్రభుత్వం కళ్లకు ధర కట్టగలిగిన నేల. 2013 భూసేకరణ చట్టంలో మార్కెట్ విలువ మీద నూరు శాతం సొలేషియం, అంటే బలవంతంగా తీసుకున్నందుకు అదనపు సొమ్ము, ఇస్తారు. డబ్బు జమ చేస్తే పని అయిపోయినట్టే. సమాధి అనే మాట ఫైలులో ఎక్కడా లేకపోతే అధికారికి అది మెట్ట పొలమే.

అదే చట్టం సెక్షన్ 4లో సామాజిక ప్రభావ అంచనా ఏమేం చూడాలో చెప్పిన వరుసలో ఖనన, దహన వాటికలు స్పష్టంగా ఉన్నాయి. మూడో షెడ్యూలులో పునరావాస కాలనీకి ఇవ్వాల్సిన వసతుల్లోనూ శ్మశానం ఉంది, అదీ అక్కడి కులాల, మతాల ఆచారాన్ని బట్టి. రికార్డులో శ్మశానం అని ఉంటేనే ఈ రెండు చోట్లా మీ నేల లెక్కలోకి వస్తుంది. తెలంగాణలో పాత రెవెన్యూ రికార్డులైన సేత్వార్, 1954-55 ఖాస్రా పహాణీ తీసి చూడండి. కొన్ని పట్టా నంబర్లలో కొన్ని గుంటలు పోట్‌ఖరాబ్‌గా, అంటే సాగుకు రాని నేలగా, తీసేసి ఉంటాయి. అది సమాధుల జాగానే అయితే అంతకన్నా గట్టి సాక్ష్యం ఇంకోటి ఉండదు. 1 గుంట అంటే 121 చదరపు గజాలు, ఏపీ లెక్కలో రెండున్నర సెంట్లు.

సర్వేగొలుసు:
పాతపహాణీ గారూ, సెక్షన్ 4 ఎప్పుడు వర్తిస్తుందో కూడా చెప్పాలి కదా. తెలంగాణ, ఏపీ రెండూ ఆ చట్టానికి సవరణలు తెచ్చుకుని, కొన్ని రకాల ప్రాజెక్టులకు సామాజిక ప్రభావ అంచనా లేకుండా పోయే వీలు కల్పించుకున్నాయి. జాతీయ రహదారులకు ఆ అంచనా అసలే లేదు. అక్కడ నడిచేది 1956 చట్టం. 2015 నుంచి పరిహారం మాత్రం 2013 చట్టం లెక్కన వస్తోంది. ఇవాళ పల్లెల్లో సమాధుల మీదికి వస్తున్నవాటిలో బైపాస్ రోడ్లు ముందుంటాయి. మీరు చెప్పిన కవచం అక్కడ పనికిరాదు.

ఇద్దరికీ సరిపోయే దారి ఒకటుంది. వర్గీకరణ పట్టాగానే ఉంచి రిమార్కుల గడిలో ‘కుటుంబ సమాధులు, ఎ.0-05’ అని, తెలంగాణలో అయితే కైఫియత్‌లో గుంటల లెక్కన ‘ఎ.0-02’ అని రాయించడం. హక్కు చెదరదు, మాట ఫైలులో ఉంటుంది.

కాలువగట్టు:
గడువుల దగ్గరే ఎక్కువమంది ఓడిపోతున్నారు. జాతీయ రహదారుల చట్టంలో, భూమి తీసుకోబోతున్నామని చెప్పే 3ఎ నోటిఫికేషన్ గెజిట్‌లో వచ్చిన తేదీ నుంచి 21 రోజుల్లో 3సి కింద రాతపూర్వక అభ్యంతరం పడాలి. పేపరులో ప్రకటన తర్వాత ఎప్పుడో వస్తుంది, దాన్ని నమ్ముకుని లెక్కపెడితే గడువు దాటిపోతుంది. 3డి ప్రకటన వెలువడితే భూమి కేంద్రానికి దఖలు పడిపోతుంది. 3ఎ వచ్చిన ఏడాదిలోగా 3డి రాకపోతే, కోర్టు స్టే ఉంటే తప్ప, 3ఎ చెల్లదు. ఆ తేదీ కూడా గోడ మీద రాసిపెట్టుకోండి. గెజిట్‌లో విస్తీర్ణం హెక్టార్లలో ఉంటుంది. 5 సెంట్లంటే 0.0202 హెక్టారు.

2013 చట్టంలో సెక్షన్ 11 నోటిఫికేషన్ తర్వాత అభ్యంతరానికి 60 రోజులు. అయితే ఆ నోటిఫికేషన్ పడ్డ క్షణం నుంచి 11(4) కింద లావాదేవీలు బంద్. దానపత్రం, పంపకాల దస్తావేజు అప్పుడు చేద్దామంటే కుదరదు. కానీ 11(5) ఉంది. కలెక్టరు రెండు నెలల్లో భూ రికార్డులు సరిచూసి తాజాపరచాలి. సమాధుల రిమార్కు రాయించని కుటుంబాలకు అదే చివరి కిటికీ, దాన్ని వాడుకునేవాళ్లు చాలా తక్కువ.

అభ్యంతర పత్రంలో ‘మా పెద్దల సమాధులు, మా మనసులు గాయపడతాయి’ అని మాత్రమే రాస్తే ఒక్క వాక్యంలో కొట్టేస్తారు. ఆ బాధ నిజమైనదే, దాన్ని కొలతల్లో చెప్పాలి. సమాధులు ఎన్ని, ఒక్కొక్కటి ఎంత పొడవు, ఎంత వెడల్పు, రోడ్డు మధ్యగీత నుంచి ఎన్ని మీటర్లు, ఏ చైనేజీ (రోడ్డు మొదటి నుంచి దూరం) దగ్గర. నాలుగు వరసల రోడ్డుకు పల్లెల్లో సాధారణంగా 60 మీటర్ల వెడల్పు తీసుకుంటారు. సమాధులు అంచు నుంచి నాలుగైదు మీటర్లలో ఉంటే, ఆ ముక్కంతలో హద్దు లోపలికి జరిపినా రోడ్డుకు లోటేమీ రాదని పటం గీసి చూపండి. స్వయంగా వినాలని కూడా అందులోనే కోరండి.

ఇంకో సంగతి. ఫోను జీపీఎస్ కొలతలు పెట్టొద్దు. దాని తేడా మూడు నుంచి ఐదు మీటర్లు, సెంటు నేల ఒక పక్క కొలతే దాదాపు ఆరు మీటర్లు. గుర్తున్న రెండు సర్వే రాళ్ల నుంచి ప్రతి మూలకూ టేపు పట్టి రెండేసి దూరాలు రాయండి. ఆ కాగితాన్ని ఏ సర్వేయరూ కాదనలేడు.

వాడచివర:
ఇంతసేపూ పట్టా ఉన్నవాళ్ల మాటే నడుస్తోంది. దళితవాడల శ్మశానాలకు పట్టా ఎక్కడిది? వాగు పక్కనో, చెరువు శిఖంలోనో (చెరువు నీళ్లు పరుచుకునే నేలలో) తరతరాలుగా పూడుస్తున్న నేల రికార్డులో వాగు పోరంబోకు అనో, ప్రభుత్వ బంజరు అనో ఉంటుంది. అక్కడ సర్వేగొలుసు గారి సలహా చెల్లదు. శ్మశానం అని రాయించుకోకపోతే 1905 ఆక్రమణల చట్టం సెక్షన్ 7 నోటీసు వస్తుంది, తాతముత్తాతలను పెట్టుకున్న నేల మీద మనమే ఆక్రమణదారులమవుతాం.

గ్రామసభలో తీర్మానం చేయించి, దాన్ని పెట్టి వర్గీకరణ మార్పు కోసం తహసీల్దారు నుంచి కలెక్టరుకు ప్రతిపాదన వెళ్లేలా చూడాలి. ఉపాధి హామీలో గాని, పంచాయతీ నిధుల్లో గాని ఆ నేలకు ఏ పని జరిగినా ఆ ఎస్టిమేటు కాపీ సమాచార హక్కు కింద తీసుకోండి. 30 రోజుల్లో ఇవ్వాలి. ప్రభుత్వమే డబ్బు పెట్టి గోడ కట్టిన చోటు శ్మశానం కాదని తర్వాత అనలేదు. చెరువు శిఖం అయితే మాత్రం వర్గీకరణ మార్చడం దాదాపు అసాధ్యం. పక్కనే వేరే నేల అడగడం మేలు, ఈ మాట చెప్పడానికి నాకు కష్టంగానే ఉంది.

పాతపహాణీ:
వాడచివర గారు చెప్పింది న్యాయం. నా వాదన అసలు ఇలాంటి చోట్లకే సరిపోతుంది. పట్టా ఉన్నవాళ్లకు రిమార్కు దారి మంచిదని ఒప్పుకుంటున్నాను. ఖబరస్తాన్ల సంగతి మళ్లీ వేరు. 2025 వక్ఫు చట్ట సవరణతో వాడుక ద్వారా ఏర్పడే వక్ఫు ఇక ముందుకు లేదు. అప్పటికే నమోదైనవి నిలుస్తాయి, కానీ వివాదంలో ఉన్నవాటికీ, ప్రభుత్వ భూమి అన్నవాటికీ ఆ రక్షణ లేదు. ఆ సవరణలో కొన్ని నిబంధనలను సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరులో మధ్యంతరంగా ఆపింది. కుటుంబ సమాధులకు దీన్ని కలపకండి, వక్ఫు చేయని పట్టా నేల పట్టా నేలే.

రేగడినేల:
ట్రస్టు పెట్టడం మీద ఎవరూ మాట్లాడలేదు. పైగా తరలింపు తప్పదంటే ఏమిటి దారి?

సర్వేగొలుసు:
ట్రస్టు అక్కర్లేదు. సమాధి దగ్గర పదిమందీ వచ్చి పూజలు, ఆరాధనలు మొదలైతే 1987 దేవాదాయ చట్టం పరిధి ప్రశ్న వస్తుంది, అది ఇంకో చిక్కు. పంపకాల దస్తావేజులోనే ఆ 5 సెంట్లను అందరికీ ఉమ్మడిగా వదిలి, అమ్మకూడదని రాసి రిజిస్టరు చేయించడం చాలు. దారి మరిచిపోవద్దు. రోడ్డు నుంచి సమాధుల దాకా కనీసం పది అడుగుల దారి హక్కు కొలతతో రాయకపోతే, పక్క వాటా అమ్ముడుపోయిన రోజున పాడె మోసుకెళ్లే దారి ఉండదు.

కాలువగట్టు:
తరలింపు మీద కోర్టులు గట్టిగా అడ్డుపడతాయని ఆశ పెట్టుకోకూడదు. వారణాసి దోషీపురా వివాదంలో 1983లో సుప్రీంకోర్టు సమాధులు తరలించడానికే మొగ్గింది. అది రెండు వర్గాల తగవు, భూసేకరణ కాదు, ఆ తేడా మీ వకీలు చెప్పుకోవచ్చు. 2025 జనవరిలో ఛత్తీస్‌గఢ్ కేసులో సొంత పొలంలో ఖననం మీద ఇద్దరు న్యాయమూర్తులు చెరో దారీ పట్టారు, చివరికి వేరే ఊరి క్రైస్తవ శ్మశానంలోనే చేయమన్నారు. మనకు పనికొచ్చేది 2024 మేలో కోల్‌కతా కార్పొరేషన్ కేసు తీర్పు. నోటీసు, వినడం, కారణాలతో నిర్ణయం, ప్రజాప్రయోజనం, న్యాయమైన పరిహారం ఇవన్నీ రాజ్యాంగంలో ఆస్తి హక్కు చెప్పే 300ఎ అధికరణలో భాగమని చెప్పింది.

తరలించాల్సి వస్తే పరిహారంలో సమాధి కట్టడాన్ని వేరుగా లెక్కించమనండి. 2013 చట్టం సెక్షన్ 29 కింద నేలకు అంటుకున్న కట్టడాలకు ఇంజనీరు విలువ కడతాడు. జాయింట్ మెజర్‌మెంట్ (అధికారులు మీ ఎదుట కొలిచే) రోజున సమాధులను పంచనామాలో రాయకుండా సంతకం పెట్టొద్దు. తవ్వకం చేతి పనిముట్లతోనే జరగాలి, పొక్లెయిన్ దగ్గరికి రానివ్వొద్దు. రేగడి నేల ఎండకు నెర్రెలిచ్చి వానకు ఉబ్బుతుంది, కాబట్టి పైన కట్టిన దిమ్మె, కింద ఉన్న గుంట ఏళ్లు గడిచాక ఒకదాని కింద ఒకటి ఉండవు. దిమ్మె చుట్టూ రెండడుగులు ఎక్కువ తవ్వాలి. ఎర్ర నేలల్లో పాతవాటికి ఎముక మిగలకపోవచ్చు, అప్పుడు అక్కడి మట్టినే కొత్త కుండలో తీసుకుంటారు. పంచాయతీ అనుమతి రాతలో ఉండాలి, రెవెన్యూ, పోలీసు సిబ్బంది ఎదుట జరగాలి. మీకు తెలియకుండా యంత్రం దింపితే భారతీయ న్యాయ సంహిత 301 కింద ఫిర్యాదు ఇవ్వొచ్చు, పాత ఐపీసీలో అది 297.

వాడచివర:
ఒక్కటి అడుగుతాను. రోడ్డు అంచున సమాధులు ఉన్నప్పుడు ‘భూమి తీసుకుంటాం, సమాధులు మాత్రం కదపం’ అని నోటిమాట చెబుతుంటారు. దానికి ఒప్పుకోవచ్చా?

సర్వేగొలుసు:
నేను ఒప్పుకోవద్దంటాను. సర్వీసు రోడ్డుకో, కేబుల్ కందకానికో ఆ అంచే వాడతారు, అప్పుడు మిమ్మల్ని అడగాల్సిన పని ఉండదు.

పాతపహాణీ:
తరలింపు ఇష్టం లేని పెద్దవాళ్లున్న ఇంట్లో నేను ఒప్పుకుంటాను. కాకపోతే ఆ మాట అవార్డులో, అంటే పరిహారం తేల్చే ఉత్తర్వులో, రాయించాలి, సమాధుల కొలతలతో, కంచెతో, లోపలికి వెళ్లే దారితో సహా. అవార్డులో లేని మాటకు ఆ అధికారి బదిలీ అయ్యేదాకే ఆయుష్షు.