గువ్వలచెరువు ఘాట్‌లో స్టీరింగ్, స్పీడ్ ఎట్ల కంట్రోల్ చేయాల?

కడప కొత్త డ్రైవర్:
అన్నా, టౌన్‌లో కారు బానే తోలుతాండా గానీ వచ్చే వారం రాయచోటికి ఇంట్లోవాళ్లందర్నీ ఎక్కించుకుని పోవాల. తిరిగొచ్చేటప్పుడు ఘాట్ దిగాల గదా, లారీలు జాస్తి, మలుపుల్లో బ్రేక్ ఎప్పుడు తొక్కాలో చెప్పండన్నా, భయంగా ఉంది.

సీమ రోడ్లు:
తమ్ముడూ, బ్రేక్ మలుపులో కాదు, మలుపుకు ముందే తొక్కాల. అక్కడే రెండో గేర్‌కి దించేయ్, ఇంజనే బండిని పట్టుకుంటాది. అదేపనిగా బ్రేక్ మీద కాలు పెట్టి దిగితే వేడెక్కి పట్టు తగ్గిపోతాది. పెట్రోల్ మిగుల్తాదని న్యూట్రల్ వేసి, ఇంజన్ ఆఫ్ చేసి దిగొద్దు, దండం పెడతా, పవర్ స్టీరింగ్ పోయి చక్రం బరువెక్కుతాది, బ్రేక్ పెడల్ గట్టిపడిపోతాది. చేతులు గడియారంలో 9, 3 ఉండే చోట పెట్టు, చూపు మలుపు అవతలికి ఉండాల, బానెట్ ముందరికి కాదు.

అనంతపురం అన్న:
పైన చెప్పింది కరెక్టు. 44 హైవే ఎక్కినప్పుడు కూడా ఒకటి చూసుకో, 100లో పోతాంటే సెకనుకు 28 మీటర్లు దాటిపోతావు, స్పీడ్ డబల్ అయితే బ్రేక్ దూరం నాలుగింతలు. గొర్రెలు అడ్డమొస్తే స్టీరింగ్ ఒక్కసారిగా గుంజొద్దు, నేరుగా పట్టుకుని బ్రేక్ గట్టిగా తొక్కు.

కడప కొత్త డ్రైవర్:
థ్యాంక్స్ అన్నా. మాది ఆటోమేటిక్, మరి గేర్ ఎట్లా?

సీమ రోడ్లు:
గేర్ లీవర్ దగ్గర ఎల్ (అంటే లో గేర్) గానీ, గేర్ మనమే మార్చుకునే మాన్యువల్ మోడ్ గానీ ఉంటాది చూడు, దిగుడు మొదలు కాకముందే వేసుకో.