అప్‌డేట్: మారిషస్ 1998 నోటు సంగతి తేలింది

మావయ్య మారిషస్‌లో పనిచేసినప్పుడు దాచిన 25 రూపాయల నోటు, 1998 అని ఉంది, రేర్ అంటున్నారు నిజమేనా అని అడిగాను కదా, నిజమే. రిప్లై ఇచ్చిన అందరికీ చాలా థాంక్స్.

లిపుల వరస చూడమన్న సలహానే పనికొచ్చింది. అంతకుముందు నోట్ల మీద ఇంగ్లీష్ తర్వాత తమిళం, దాని కింద హిందీ ఉండేవి, 1998 సిరీస్‌లో హిందీ పైకెళ్ళి తమిళం కిందకొచ్చింది, దాంతో అక్కడి తమిళులు గట్టిగా అభ్యంతరం చెప్పారు, ఆ నోట్లని వెనక్కి తీసుకుని తమిళం మళ్ళీ పైన పెట్టి 1999 తేదీతో కొత్తవి వేశారు. పాత నోట్ల డీలర్ లెన్స్ పెట్టి చూపించారు, నాదాంట్లో నాగరి (హిందీ లిపి) పైన, తమిళం కింద. వెనక్కి తీసుకున్న రకమే!

ధర మాత్రం కండిషన్‌ని బట్టే అన్నారు, మధ్యలో నిలువు మడత ఉంది, ఓ మూల మెత్తబడింది, కాబట్టి అసలు వాడని నోటుకొచ్చే రేటు రాదు. ఇస్త్రీ చేయమన్నారు కొందరు, దయచేసి ఎవరూ చేయకండి, వేలికి తగిలే ఆ ఎత్తైన ఇంకు అణిగిపోయి విలువ ఇంకా పడిపోతుందట. సీరియల్ నంబర్ గురించి అంత చర్చ జరిగింది గానీ అది మామూలు నంబరే, లెక్కలోకి రాలేదు. అమ్మట్లేదు, పీవీసీ (నోటుని పాడుచేసే రకం ప్లాస్టిక్) లేని కవర్లో పెట్టేశాను.