అప్‌డేట్: కొత్త డిస్కు కనిపించింది, కానీ రీబూట్ దగ్గర ఒక దెబ్బ తగిలింది

మొన్న నేను అడిగింది ఇదీ: చీమకుర్తిలో మా గ్రానైట్ ఆఫీసు ఉబుంటు లినక్స్ వర్చువల్ మెషీన్‌కి (ఒక కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే ఇంకో కంప్యూటర్) 100 జీబీ కొత్త డిస్కు తగిలించాను, లోపల మాత్రం కనిపించడం లేదు. బిల్లులకూ, బ్లాకుల ఫొటోలకూ చోటు అయిపోయింది. సాయం చేసిన అందరికీ దండాలు.

రీస్కాన్ చేయమన్నవారి, అంటే డిస్కుల కోసం మళ్లీ వెతికించమన్నవారి మాటే నిజమైంది. నడుస్తున్న మెషీన్‌కి డిస్కు ఇస్తే లినక్స్ ఒక్కోసారి తనంతట తాను గమనించదు. స్కాజీ హోస్ట్‌ల (డిస్కులు తగిలే కంట్రోలర్ల) స్కాన్ ఫైళ్లలోకి మూడు డ్యాష్‌లు, మధ్యలో ఖాళీలతో, పంపగానే ఎస్‌డీబీ అనే పేరుతో కొత్త డిస్కు వచ్చేసింది. ప్రాణం లేచొచ్చింది! సైజు రెండుసార్లు చూసుకుని, ఈఎక్స్‌టీ4 (లినక్స్ ఫైల్ సిస్టమ్) ఫార్మాట్ చేసి మౌంట్ చేశాను, అంటే ఒక ఫోల్డర్‌కి తగిలించి వాడుకునేలా చేశాను.

అసలు టెన్షన్ ఆ తర్వాతే. ఎఫ్‌స్టాబ్‌లో (బూట్‌లో ఏ డిస్కులు మౌంట్ చేయాలో రాసి ఉండే ఫైలు) యూయూఐడీని, అంటే డిస్కు గుర్తింపు కోడ్‌ని, చేత్తో కొడుతూ 8 బదులు బి కొట్టాను. రీబూట్ చేస్తే 90 సెకన్లు ఎదురుచూసి రిపేరు కోసం ఉండే ఎమర్జెన్సీ మోడ్‌లోకి పోయింది. అవతల లారీ డ్రైవరేమో వే బిల్లు కోసం కిటికీ పట్టుకుని నిలబడ్డాడు. అక్షరం దిద్ది, పక్కన నోఫెయిల్ (డిస్కు దొరక్కపోయినా బూట్ ఆపొద్దనే మాట) చేర్చాక మెషీన్ లేచింది. మీరెవరైనా చేస్తే యూయూఐడీ కాపీ చేసుకోండి, రీబూట్‌కి ముందే ‘మౌంట్ హైఫన్ ఏ’ (ఎఫ్‌స్టాబ్‌లో ఉన్నవన్నీ మౌంట్ చేసే కమాండ్) కొట్టి చూడండి. తప్పుంటే అక్కడే బయటపడుతుంది.

ఇంకొకటి. ఖాళీ 93 జీబీయే చూపిస్తోందని కంగారుపడ్డాను. ఈఎక్స్‌టీ4 మామూలుగా 5 శాతం రూట్ (అడ్మిన్ యూజర్) కోసం పక్కన పెడుతుందట. ఇది ఫొటోల డిస్కే కాబట్టి ట్యూన్2ఎఫ్‌ఎస్ కమాండ్‌తో 1 శాతానికి తగ్గించాను. ఫొటోలన్నీ ఇప్పుడు ఇందులోకి కాపీ అవుతున్నాయి.