‘ఒకోదకిచియే’ను ‘సంఘం’ అనవచ్చా?

అడిగినవారు:
అందరికీ నమస్కారం. అమెరికాలోని డకోటా జాతివారి (బయటివాళ్లు ‘సూ’ అంటారు, దయచేసి ‘సియోక్స్’ అని రాయకండి) వై.ఎం.సి.ఎ.ల (యంగ్ మెన్స్ క్రిస్టియన్ అసోసియేషన్, అంటే క్రైస్తవ యువకుల సంస్థ) మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. వాళ్ల భాషలో దాన్ని ‘కోష్క ఒకోదకిచియే’ అంటారు. కోష్క అంటే పడుచువాడు. రెండో మాట దగ్గరే ఆగిపోయాను. ‘సమాజం’ అంటే బ్రహ్మసమాజం గుర్తొస్తోంది, ‘సమితి’ అంటే సర్కారు కాగితంలా ఉంది. పెద్దలు చెప్పాలి.

జవాబు:
‘సంఘం’ అనే పెట్టండమ్మా, అనుమానం వద్దు. మాట విరిచి చూస్తే మధ్యలో ‘కోద’ ఉంది. అంటే ఒక మగవాడికి ప్రాణస్నేహితుడు. (ఆడవాళ్లు నేస్తాన్ని పిలుచుకునే మాట వేరే.) ‘కిచియ’ వల్ల ‘ఒకరికొకరు’ అన్న అర్థం వస్తుంది. ముందున్న ‘ఒ’ దాన్ని నామవాచకం చేస్తుంది. పడమటి మాండలికంలో ద బదులు ల పలుకుతారు కాబట్టి అక్కడ కోల, ఒకోలకిచియే. డకోటా, లకోటా తేడా కూడా అదే.

చర్చికీ వాళ్లు ఇదే మాట వాడారు, పక్కన ‘వకాన్’ (పవిత్రం) చేర్చి. మన దగ్గర మాత్రం? కార్మికులదీ సంఘమే, ఆదివారం కూడే విశ్వాసులదీ సంఘమే, వాళ్ల పాస్టరు సంఘకాపరి. ఇంత చక్కగా కుదిరే జోడీ అనువాదకులకు అరుదుగా దొరుకుతుంది, వదులుకోకండి.

మరొకరు:
మాస్టారూ, ఈ మాట మిషనరీలు పుట్టించిందేనా?

జవాబు:
కాదు బాబూ. లకోటాల్లో తొకల అనే యోధుల జట్టు ఉండేది. తొకల అంటే ఒక రకం చిన్న నక్క. ఆ జట్టునీ ఒకోలకిచియే అనే అనేవారు. కుర్రాళ్లు జట్టు కట్టడం, కట్టుబాట్లు పెట్టుకోవడం, తమ పాటలు తాము పాడుకోవడం వాళ్లకు తెల్లవాళ్లు నేర్పిన విద్య కాదు. అందుకే లండన్‌లో 1844లో బట్టల దుకాణం గుమాస్తాల మధ్య పుట్టిన వై.ఎం.సి.ఎ. డకోటా మైదానంలో పరాయిదిగా మిగిలిపోలేదని నా అభిప్రాయం.

డకోటాల్లో దాన్ని మొదలుపెట్టింది ఎవరో చూడండి. 1862లో అమెరికా ప్రభుత్వం మీద డకోటాలు చేసిన యుద్ధానికి నాయకుడు తావొయాతెదూత, తెల్లవాళ్లు ‘లిటిల్ క్రో’ అన్నాయన. ఆ డిసెంబరు 26న మిన్నెసోటాలోని మాంకేటోలో 38 మంది డకోటాలను ఒకేసారి ఉరితీశారు. మరుసటి ఏడు జూలై 3న హచిన్సన్ దగ్గర పొదల్లో పళ్లు కోసుకుంటుండగా తావొయాతెదూతను కాల్చేశారు. పక్కనే పదహారేళ్ల కొడుకు వోవినాపె ఉన్నాడు. తండ్రి కాళ్లకు కొత్త తోలుచెప్పులు తొడిగి, దుప్పటి కప్పి పారిపోయాడు. దొరికాక మరణశిక్ష వేశారు, అమలు కాలేదు. అయోవాలోని డావెన్‌పోర్ట్ చెరలో క్రైస్తవుడై థామస్ వేక్‌మన్ అయ్యాడు. 1879లో, ఇప్పటి దక్షిణ డకోటాలోని ఫ్లాండ్రూలో మొదటి సూ వై.ఎం.సి.ఎ. పెట్టింది ఆయనే. ఆ ఊరు కూడా మామూలుది కాదు. 1869లో పాతికదాకా కుటుంబాలు శాంటీ రిజర్వేషన్నీ (ప్రభుత్వం తెగకు కేటాయించిన నేల) ప్రభుత్వ భత్యాన్నీ వదిలేసుకుని వచ్చి, సొంత పొలాలు చేసుకుందామని కట్టుకున్న ఊరు. డకోటా భాషలో పూర్తి బైబిలు వచ్చింది కూడా 1879లోనే.

ఇంకొకరు:
అంత ముచ్చటగా చెప్పకండి సార్. అమెరికా ప్రభుత్వం 1883లో పెట్టిన నియమావళితో వాళ్ల పవిత్రమైన సూర్యనృత్యం నేరమైంది. 1887లో మిషను బడుల్లో సైతం ఇంగ్లీషు తప్ప వేరే భాష చెప్పొద్దని ఉత్తర్వు. పాత ఒకోలకిచియేల పీక నొక్కి, బైబిలు పట్టుకున్న ఒకోదకిచియేకు మాత్రం తలుపు తీశారు.

జవాబు:
మీరన్నది నూటికి నూరుపాళ్లూ నిజం. నేననేది ఒక్కటే, తీసిన ఆ ఒక్క తలుపులోంచి వాళ్లు తమ సామాను కూడా లోపలికి చేర్చారు. చార్లెస్ ఈస్ట్‌మన్‌ను తీసుకోండి. ఆయన డకోటా పేరు ఒహియెస. డాక్టరు చదివి లకోటాల పైన్ రిడ్జ్ రిజర్వేషన్‌లో ఉద్యోగంలో చేరిన తొలి రోజుల్లోనే, 1890 డిసెంబరులో, అమెరికా సైన్యం లకోటాల మీద జరిపిన వూండెడ్ నీ మారణకాండలో గాయపడ్డవాళ్లకు వైద్యం చేశాడు. 1894 నుంచి నాలుగేళ్లు వై.ఎం.సి.ఎ. తరఫున తెగల మధ్య తిరిగి సంఘాలు పెట్టించాడు. అలా ఒకచోట క్రీస్తు గురించి చెప్తే, ఒక పెద్దాయన అంతా విని, ఆ యేసు మావాడే అయ్యుండాలి అన్నాడట. ఆస్తి కూడబెట్టుకోలేదు, శాంతి కోరాడు, ప్రేమతో చేసిన పనికి కూలి అడగలేదు, తెల్లవాళ్ల పద్ధతులు ఇవి కావుగా అని. ఈస్ట్‌మన్ తన ఆత్మకథలో స్వయంగా రాసుకున్న సంగతి ఇది. బోధించడానికి వెళ్లినవాడు ఆ మాట దాచకుండా రాశాడు చూడండి, అది నాకు నచ్చింది.

అడిగినవారు:
ధన్యవాదాలు మాస్టారూ. ‘యువకుల సంఘం’ అని ఖాయం చేస్తున్నాను. ఇంకొక్కటి. దక్షిణ డకోటాలో డూప్రీ అనే ఊళ్లో ఉన్న సూ వై.ఎం.సి.ఎ. ఇప్పుడు పేరు మార్చుకుని ‘ఏడు కొలువుల నిప్పు’ అన్న అర్థంలో పెట్టుకుంది. అలాగే రాయనా?

జవాబు:
‘ఓచేతి షాకోవిన్’ అని వాళ్ల పేరే ఉంచండి, అర్థం పక్కన ఇవ్వండి. ఏడు తెగల కూటమికి వాళ్లు పెట్టుకున్న సొంత పేరది. ‘సూ’ అన్నది ఒజిబ్వేలు పెట్టిన పేరు ఫ్రెంచివాళ్ల నోట నలిగి మిగిలిన ముక్క. ‘కొలువు’ మాత్రం తీసేయండి, రాజు లేని చోట కొలువేమిటి? ‘ఏడు సభల నిప్పులు’ అనండి, చాలు.