తప్పించుక తిరుగువాడు ధన్యుడు: క్రైస్తవుడికి ఈ పద్యం ఎంతవరకు?

ప్రశ్న:

అందరికీ వందనాలు. మేము బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఉంటాం. మా అపార్ట్‌మెంట్‌లో ఒకరి ఉంగరం కనపడలేదట. ఇళ్ళల్లో పనికొచ్చే అనంతపురం ఆవిడ సంచిని లాబీలో అందరి ముందు తెరిపించారు. టిఫిన్ డబ్బా, మడతపెట్టిన నైటీ, బీపీ మాత్రల అట్ట ఉన్నాయి, అంతే. ఆవిడకి కన్నడ అంతంతమాత్రం, హిందీ అసలు రాదు. నేను మాట్లాడబోతే మా మామగారు చెయ్యి పట్టుకుని లిఫ్ట్‌లోకి తీసుకెళ్ళిపోయారు. పైకి వచ్చాక సుమతీ శతకం పద్యం చదివి, "ఊరుగాని ఊళ్ళో మనకెందుకమ్మా" అన్నారు. ఆయన మా చర్చి సంఘంలో పెద్ద, రోజూ బైబిలు చదివే మనిషి. ఈ పద్యం మన విశ్వాసానికి సరిపోతుందా? అసలు అర్థం అదేనా?

జవాబు:

చెల్లెమ్మా, ముందు పద్యం మొత్తం పెడుతున్నాను. చాలామందికి చివరి పాదమే గుర్తుంటుంది.

ఎప్పటి కెయ్యది ప్రస్తుత
మప్పటి కా మాటలాడి యన్యుల మనముల్
నొప్పింపక తా నొవ్వక
తప్పించుక తిరుగువాడు ధన్యుడు సుమతీ!

ఇందులో 'ప్రస్తుతము' అంటే ఇప్పుడు అని కాదు, సందర్భానికి తగినది అని. 'అప్రస్తుత ప్రసంగం' అనే మాటలో ఆ పాత అర్థం ఇంకా బతికే ఉంది. కాబట్టి మొదటి రెండు పాదాలు చెప్పేది: ఎప్పుడు ఏ మాట తగునో ఆ మాట ఆడు. ఆడు అనే చెప్పాడు, నోరు మూసుకో అనలేదు. మీ మామగారు ఆ సగం వదిలేసినట్టున్నారు. సమయోచితంగా పలికిన మాట వెండి పళ్ళెంలో బంగారు పండ్లలాంటిదని బైబిల్లోని సామెతల గ్రంథం 25:11 చెప్పేదీ ఇదే. ఇంతవరకు పేచీ లేదు.

పేచీ నాలుగో పాదంతోనే. శతకాన్ని బద్దెన పేరు మీద చెప్పుకుంటాం, కాదనే పండితులూ ఉన్నారు. బద్దెన 'నీతిశాస్త్ర ముక్తావళి' అనే రాజనీతి గ్రంథం రాసినవాడు. శతకం ఎవరిదైనా, ఈ పద్యంలో మాత్రం నాకు కొలువు వాసన వస్తుంది. రాజుగారి ముందు ఒక మాట తేడాగా దొర్లితే తల ఉండని చోట, నొప్పించకుండా, నొచ్చుకోకుండా తప్పించుకు తిరగడం బతుకుతెరువు. దాన్ని తప్పు పట్టడానికి మనమెవరం? మన ఆఫీసుల్లో అప్రైజల్ సీజన్‌లో అందరం చేసేది అదే కదా.

అయితే బైబిల్లోనూ ఒక కొలువు మనిషి ఉన్నాడు, దావీదు రాజు కాలపు ప్రవక్త నాతాను. దావీదు తన సైనికుడు ఊరియా భార్యను తీసుకున్నాడు, ఊరియాను యుద్ధంలో చంపించాడు. అది రాజు ముఖం మీద చెప్పాలి. నాతాను ఏం చేశాడు? ఒక పేదవాడు, వాడికున్న ఒకే ఒక్క గొర్రెపిల్ల, దాన్ని లాక్కుని విందు చేసిన ధనవంతుడు అంటూ కథ మొదలుపెట్టాడు. రాజుకి కోపం వచ్చి తీర్పు తానే చెప్పేదాకా ఆగాడు. అప్పుడు అన్నాడు, "ఆ మనుష్యుడవు నీవే" అని (2 సమూయేలు 12). మాట ఎంపిక, సమయం చూసుకోవడం చూస్తే ఈ పద్యం మొదటి సగం అక్షరాలా పాటించినట్టే. నొప్పి మాత్రం తప్పలేదు, తప్పించుకు తిరగనూ లేదు. తన జనాన్ని చంపే కుట్ర గురించి రాజుకి చెప్పాల్సి వచ్చిన ఎస్తేరు రాణి కూడా అంతే. రాజు "నీ విన్నపం ఏమిటి" అని అడిగినా మొదటి విందులో బయటపెట్టలేదు, రెండో విందుకు పిలిచి అక్కడ చెప్పింది. కానీ చెప్పింది.

మీ లాబీ సంగతికి వస్తే, ఆవిడకి భాష రాదు, పక్కన మనిషి లేడు. "మూగవారికిని దిక్కులేనివారికందరికిని న్యాయము జరుగునట్లు నీ నోరు తెరువుము" అన్న సామెతలు 31:8 అచ్చంగా ఇలాంటి చోటుకే రాసినట్టుంటుంది. పెద్ద ప్రసంగం అక్కర్లేదు. "ఆవిడకి మీరనేది అర్థం కావట్లేదు, నేను తెలుగులో చెబుతాను, సంచి ఇక్కడ వద్దు" అంటే చాలు. నొప్పించని మాటే అది.

మనల్ని ఎవరైనా ఏదైనా అన్నప్పుడు లెక్క వేరు. ఇక్కడ లంచ్ టేబుల్ దగ్గర, మతం మారినందుకు "మీకు ఎన్ని బియ్యం బస్తాలిచ్చారు" అని నవ్వేవాళ్ళు తగులుతుంటారు. దానికి ఊరుకోవడమే చాలాసార్లు మేలని నా అభిప్రాయం. తీర్పు చెప్పే రోమా అధిపతి పిలాతు ముందు యేసు ఒక్క మాటకైనా ఉత్తరమివ్వలేదని మత్తయి రాశాడు. అలాగని అది మూగతనం కాదు. అంతకుముందు ప్రధానయాజకుడి దగ్గర బంట్రౌతు చెంప మీద కొడితే, "నేను కాని మాట ఆడినయెడల ఆ కాని మాట ఏదో చెప్పుము" అని ఆయన అడిగాడు (యోహాను 18:23). తిట్టలేదు, అడిగాడు.

ఇంకో సంగతి. సంఘంలో ఎవరిదైనా తప్పు కనిపిస్తే మనవాళ్ళు ముందు వాట్సాప్ గ్రూప్‌లో పెడతారు, తర్వాత పాస్టరు గారికి చెబుతారు, చివరికి ఆ మనిషికి తెలుస్తుంది. మత్తయి 18:15 నుంచి ఉన్న వరుస దీనికి సరిగ్గా తలకిందులు. ముందు ఒంటరిగా, వినకపోతే ఒకరిద్దరిని వెంటబెట్టుకుని, ఆ తర్వాతే సంఘం.

వ్యాఖ్య:

బాగుంది అన్నా. 'ధన్యుడు' గురించి ఒక్క ముక్క కలుపుతాను. మత్తయి 5:10లో "నీతినిమిత్తము హింసింపబడువారు ధన్యులు" అని ఉంది. శతకంలో నొప్పి తగలకుండా బయటపడ్డవాడు ధన్యుడు, ఇక్కడ తగిలించుకున్నవాడు ధన్యుడు. రెండూ తెలుగే!

వ్యాఖ్య:

ఊరుకోవాల్సిన చోట మనం ఊరుకుంటే గదా సిస్టర్. మొన్న మా లేఅవుట్‌లో ఒకరింట్లో చిన్నబిడ్డ పోతే, వచ్చినవాళ్ళందరూ "దేవుడికి ఇష్టమైనవాళ్ళనే ముందు పిలుచుకుంటాడు" అని ఆ తల్లికి చెప్పి వెళ్ళారు. బైబిల్లో బిడ్డల్ని పోగొట్టుకున్న యోబు దగ్గరికి వచ్చిన స్నేహితులు ఏడు రోజులు నేల మీద కూర్చుని ఒక్క మాటా అనలేదు. వాళ్ళు చేసిన మంచి పని అదొక్కటే, నోరు విప్పాకే కదా అన్నీ చెడ్డాయి.

ప్రశ్న అడిగినవారు:

థ్యాంక్స్ అన్నా. మామగారికి ఇదంతా చదివి వినిపించాను. నాతాను దగ్గర "ఊఁ" అన్నారు, అంతకుమించి ఏమీ అనలేదు. ఆవిడ అప్పటినుంచి పనికి రావట్లేదు. నంబరు ఉంది, సాయంత్రం ఫోన్ చేస్తాను. అసోసియేషన్ సెక్రటరీతో గ్రూప్‌లో కాకుండా విడిగా కలిసి మాట్లాడదామనుకుంటున్నాను. ఇంకో చిన్న డౌట్: మూడో పాదంలో నొప్పింపకనా, నొప్పించకనా?

జవాబు:

రెండూ వినిపిస్తాయి, గణాలు మారవు. మీ మామగారు ఏది చదివితే అదే ఉంచండి, ఆయనతో వాదన దీని మీద వద్దు.