63 ఏళ్లకి ప్రేమ నవల: బాసు హీరో లేకపోతే ఎవరైనా చదువుతారా?

తెనాలి_ట్రంక్:

అందరికీ నమస్కారమండీ. నాకు 63. టెలిఫోన్స్‌లో ట్రంక్ ఆపరేటరుగా, అంటే వేరే ఊళ్లకి ఫోన్లు కలిపే పనిలో చేరాను. ఎక్స్‌ఛేంజీ ఆటోమేటిక్ అయ్యాక బిల్లుల సెక్షన్‌లో కూర్చోబెట్టారు. 2020 జనవరిలో బీఎస్‌ఎన్‌ఎల్ వీఆర్‌ఎస్‌తో (స్వచ్ఛంద పదవీ విరమణతో) వేలమంది ఒకేసారి బయటికొచ్చారు చూడండి, వాళ్లలో నేనూ ఒకదాన్ని. ఇప్పుడు మనవడు బడికెళ్లిపోతే మధ్యాహ్నాలు నావే.

అద్దె పుస్తకాల షాపులో పావలా కట్టి యద్దనపూడి సులోచనారాణి గారి నవలలు తెచ్చుకుని, లెక్కల పుస్తకంలో దాచుకుని చదివిన తరం మాది. ఎప్పటికైనా అలాంటిదొకటి రాయాలని ఉండేది. ఇన్నాళ్లకి మొదలుపెట్టాను, లాంగ్ నోట్‌బుక్కులో పెన్నుతో.

కథ 1986లో నడుస్తుంది. తెనాలిలో ఒక ఆపరేటరు, రాజమండ్రిలో ఒక ఆపరేటరు. ఇద్దరికీ తెలిసింది గొంతులే. మధ్యలో విజయవాడ కలిపితే గానీ వీళ్లకి లైను దొరకదు, కాబట్టి విజయవాడ ఆపరేటరమ్మకి అన్నీ తెలుసు. నైట్ డ్యూటీల్లో మాట్లాడుకుంటారు. నాలుగు అధ్యాయాలైంది.

నా సందేహాలు ఇవీ. ప్రతిలిపి లాంటి యాప్‌లలో చూస్తే ఎక్కువగా కోటీశ్వరుడైన బాసు, బలవంతపు పెళ్లి, ఏడాది కాంట్రాక్టు. నాకు అలాంటి బాసు ఎవరూ తగల్లేదు, మా ఇంజనీరు గారు జర్దా నమిలేవారు. మరి నా కథ ఎవరు చదువుతారు? రెండు, డ్యూటీలో చెవిన పడ్డ మాటలు బోలెడు. పెళ్లి నిశ్చయమైన పిల్ల వేరే అబ్బాయికి చేసిన ఆఖరి ఫోను నాకిప్పటికీ గుర్తే. అలాంటివి వాడుకోవచ్చా? మూడోది చెప్పడానికే మొహమాటం. మా కోడలు టైపు చేసిపెడతానంటోంది. బంగారం లాంటి పిల్ల. కానీ ముద్దు సీను దానికి డిక్టేషన్ ఎలా ఇవ్వను? మా వాడైతే "ఈ వయసులో ప్రేమేంటమ్మా, హాయిగా కార్తీక పురాణం మీద ఏదైనా రాయి" అంటున్నాడు.

ఒక ముక్క పెడుతున్నాను, మొహమాటం లేకుండా చెప్పండి:

"హలో తెనాలి" అన్నాడు. రాత్రి రెండు దాటింది. బోర్డు మీద ఒక్క దీపమూ వెలగడం లేదు. "కాల్ ఏమైనా ఉందా రాజమండ్రీ?" అంది. "లేదు. ఇక్కడ వానొస్తోంది. వినపడుతోందా?" హెడ్‌సెట్‌ని చెవికి అదుముకుంది. ఆ గరగరలో వాన ఏదో, లైను చప్పుడేదో తెలియలేదు. "వినపడుతోంది" అంది. ఆమె హృదయం ఏదో తెలియని మధురానుభూతితో పులకించిపోయింది. ఇదేనా ప్రేమంటే అనుకుంది.

కుట్టుమిషన్_కరీంనగర్:

అక్కా, నేను బట్టలు కుడత. యాభై దాటినంకనే రాసుడు షురూ చేసిన. ఇప్పుడు మూడో సీరియల్ నడుస్తున్నది.

అబద్ధం చెప్ప, బాసు హీరోకు చదివేటోళ్లు ఎక్కువ. నేను కూడ ఒకటి రాసిన, నడిచింది. కానీ రెండోది మా ఊరి బస్టాండు కాడ జిరాక్స్ షాపు పిల్లగాని కథ. చదివినోళ్లు తక్కువే, ఉన్నోళ్లు మాత్రం పోలే. రోజూ వచ్చి "ఇయ్యాల భాగం ఏది?" అని అడిగేటోళ్లు. నీది ఆ తీరు కథ.

పని సంగతి చెప్త. యాప్‌ల చదివేది బియ్యం పొయ్యి మీద పెట్టి, విజిల్ వచ్చేలోపు. ఒక్కో భాగం వెయ్యి పదాలు దాటనియ్యకు. నీ నోట్‌బుక్కుల అధ్యాయం ఇరవై పేజీలుంటే దాన్ని నాలుగు ముక్కలు చెయ్యాలె, ప్రతి ముక్క చివర్ల ఏదో ఒకటి తెగకుండ ఉండాలె. "కాల్ కట్ అయింది" అన్నదానికన్న మంచి బ్రేకు ఇంకేం కావాలె నీకు! మొత్తం రాసుకున్నంకనే మొదటి భాగం పెట్టు. ఇంట్ల జ్వరమొచ్చినా, పెండ్లొచ్చినా చదివేటోళ్లు ఆగరు.

కోడలితోని టైపు వద్దు. ఫోన్ల తెలుగు కీబోర్డుకు మైకు గుర్తుంటది, అది నొక్కి చదువు, అదే పడతది. తలుపేసుకొని చదువు మరి! నేనైతే మిషన్ తొక్కుకుంటనే చెప్త. ఫుల్‌స్టాపులు తర్వాత పెట్టుకోవాలె.

పైసల మాట. దారాలకు, గుండీలకు సరిపోతయ్. అంతకన్న ఎక్కువ ఆశ పెట్టుకోకు.

పాత_సబ్ఎడిటర్:

అమ్మా, వారపత్రికలో సీరియల్స్ డెస్కు చూసినవాణ్ని. మొహమాటం లేకుండా అన్నారు కాబట్టి చెబుతున్నాను: మీ ముక్కలో చివరి రెండు వాక్యాలూ కొట్టేయండి.

ఆమెకి వాన వినపడలేదు. వినపడిందని చెప్పింది. ఆ చిన్న అబద్ధంలోనే ప్రేమంతా ఉంది. దాని తర్వాత "మధురానుభూతి" ఎందుకు? ఆ మాట మీది కాదు, అద్దె పుస్తకాలది. జర్దా ఇంజనీరు, బోర్డు మీద దీపం మీవి. సులోచనారాణి గారి 'సెక్రటరీ' నవలలో హీరో రాజశేఖరాన్ని చూసి అందరూ కారునీ సూటునీ కాపీ కొట్టారు గానీ, ఆవిడ బలం అక్కడ లేదు. ఆడపిల్ల ఆత్మాభిమానానికి దెబ్బ తగిలే క్షణం ఆవిడకి కచ్చితంగా తెలుసు. అందులో హీరోయిన్ జయంతి ఎక్కడ బిగుసుకుంటుందో మళ్లీ చదివి చూడండి.

ఇక కథ. మీకు విలన్ లేడనుకుంటున్నారేమో. ఎస్‌టీడీ ఉంది కదా, ఆపరేటరు లేకుండా నేరుగా వేరే ఊరికి డయల్ చేసుకునేది! ఊళ్లో ఒక్కో ఫోనుకీ ఎస్‌టీడీ వస్తున్నకొద్దీ ట్రంక్ బుకింగులు తగ్గుతాయి. వాళ్లిద్దరూ కలిసే లైను బిజీ తగ్గుతోంది, అంటే మొదట ఎక్కువ మాట్లాడుకునే వీలు. తర్వాత? ట్రంక్ ఎక్స్‌ఛేంజీయే ఉండదు. ఊరంతా సంబరపడే కొత్త సౌకర్యం వీళ్లిద్దరికి మాత్రం గండం. ఇంతకన్నా మంచి అడ్డంకి కోటీశ్వరుల ఇళ్లలో దొరకదు. విజయవాడ ఆపరేటరమ్మని ఊరికే వదలొద్దు, ఆవిడకి పెద్ద పాత్ర ఇవ్వండి. నన్నడిగితే వాళ్లిద్దరూ చివరిదాకా కలవకూడదు.

వయసు గురించి. ఇంగ్లండులో మేరీ వెస్లీ అనే ఆవిడ 1912లో పుట్టింది. భర్త పోయాక డబ్బుకి ఇబ్బంది పడింది. పెద్దల కోసం రాసిన మొదటి నవల 1983లో వచ్చింది, 70 ఏళ్ల ప్రాయంలో. ఆ నవలల్లో శృంగారానికేమీ కొదవ లేదు, కాబట్టి మీ అబ్బాయి కార్తీక పురాణాన్ని ఇంకో పదేళ్లు ఆగమనండి. రోజమండ్ పిల్చర్ అనే బ్రిటిష్ రచయిత్రికి ప్రపంచమంతా పేరొచ్చింది సరిగ్గా మీ వయసులో, 1987లో. అయితే ఆవిడ 1949 నుంచే మిల్స్ అండ్ బూన్ అనే ప్రేమ నవలల ప్రచురణ సంస్థకి మారుపేరుతో ప్రేమకథలు రాస్తూ ఉంది, కాబట్టి ఆవిడ్ని ఆలస్యంగా మొదలెట్టినవాళ్ల లెక్కలో చేర్చేవాళ్ల మాట నమ్మకండి. మారుపేరు మీకూ పనికొస్తుంది. 1960, 70ల్లో ఆడవాళ్ల నవలలకున్న గిరాకీ చూసి మగవాళ్లు ఆడపేర్లతో రాసిన దేశం మనది, ఎవరూ ఏమీ అనుకోరు.

నల్లకోటు:

గారూ, సాహిత్యం నాకు తెలియదు, కాగితాల సంగతి చెబుతాను.

చెవిన పడ్డ కాల్స్ ఉన్నదున్నట్టు వాడకండి. అప్పట్లో అమల్లో ఉన్న 1885 టెలిగ్రాఫ్ చట్టం ప్రకారం సందేశంలోని సంగతి బయటపెట్టిన ఉద్యోగికి మూడేళ్ల దాకా శిక్ష ఉండేది. ఇన్నేళ్ల తర్వాత కేసు పెడతారని కాదు, ఆ పిల్ల ఇప్పుడు ఎవరికో అమ్మమ్మ అయి ఉంటుంది, ఆవిడే మీ పాఠకురాలు కావచ్చు. ఊరు, కులం, సంవత్సరం, మాటలు అన్నీ మార్చేసి, ఆ ఫోను విన్నప్పుడు మీకేమనిపించిందో అది రాయండి.

మారుపేరుతో రాసినా కాపీరైటు మీదే. ఒప్పందం మీద మాత్రం అసలు పేరు, సంతకం ఉండాలి. 1957 కాపీరైటు చట్టం 19వ సెక్షన్ మీకు రక్ష: హక్కుల బదిలీ రాతపూర్వకంగా ఉంటేనే చెల్లుతుంది, ఎన్నేళ్లకో రాయకపోతే 5 ఏళ్లకే అని లెక్క, ఎక్కడికో రాయకపోతే భారతదేశానికే. అందుకే ఒప్పందాల్లో "శాశ్వతంగా, ప్రపంచమంతటా" అని రాయిస్తుంటారు. యాప్‌లో "అంగీకరిస్తున్నాను" నొక్కేముందు ఆడియో హక్కులు, సినిమా హక్కులు ఎవరికి పోతున్నాయో చదవండి. ఈ ట్రంక్ కాల్ ప్రేమ వెబ్ సిరీస్‌కి పనికొచ్చే సరుకు, తేలిగ్గా ఇచ్చేయకండి. సొంతంగా అచ్చు వేసుకుంటే ఐఎస్‌బీఎన్ నంబరు (పుస్తకానికుండే గుర్తింపు సంఖ్య) ప్రభుత్వమే ఉచితంగా ఇస్తుంది, దానికి డబ్బులడిగేవాళ్లకి ఇవ్వొద్దు.

నైట్‌షిఫ్ట్_గచ్చిబౌలి:

ఆంటీ, నాకు 26. క్యాబ్‌లో వెళ్తూ సీరియల్స్ చదువుతా. మీ ముక్క చదివి నా స్టాప్ దాటిపోయింది, డ్రైవర్ అన్న తిట్టాడు.

నేను కూడా రాత్రంతా హెడ్‌సెట్ పెట్టుకునే పని చేస్తా. అవతలి గొంతుని బట్టి మనిషిని ఊహించుకోవడం మాకూ ఉంది, కాబట్టి పాత కథ అని మీరు భయపడక్కర్లేదు. కానీ ట్రంక్ కాల్ అంటే నాకు సినిమాల్లో "త్రీ మినిట్స్ ఓవర్" అని వినడం తప్ప ఏమీ తెలీదు. మూడు నిమిషాలే ఎందుకు? బోర్డు మీద దీపం ఏంటి? అవి చెప్పండి. పాఠంలా కాకుండా.

ముద్దు దగ్గర మాత్రం కెమెరాని పువ్వుల మీదకి తిప్పొద్దు ప్లీజ్. అసలు గొంతులే తెలిసిన వాళ్లకి ముద్దు ఎలా వస్తుందో చూడాలని ఉంది!

తెనాలి_ట్రంక్:

ఇంతమంది ఇంత ఓపిగ్గా రాస్తారనుకోలేదు.

గచ్చిబౌలి అమ్మాయీ, బోర్డు మీద దీపం వెలిగిందంటే కాల్ వచ్చినట్టు. అప్పట్లో కాల్‌కి మూడు నిమిషాల లెక్కన చార్జీ. మూడవగానే మధ్యలోకొచ్చి "పొడిగించమంటారా?" అని అడగాలి, చీటీ మీద టైము వేయాలి. మామూలు కాల్ బుక్ చేస్తే గంటలు పట్టేది. అర్జంటుకి రెట్టింపు, లైట్నింగ్ కాల్‌కి ఎనిమిది రెట్లు. లైట్నింగ్ బుక్ చేశారంటే చావో పుట్టుకో అనుకునేవాళ్లం. మావాడొకడు, అంటే కథలో రాజమండ్రివాడు, జీతం రాగానే డ్యూటీ లేని రోజు బయటి ఫోను నుంచి తెనాలికి లైట్నింగ్ బుక్ చేస్తాడు, ఏమీ మాట్లాడకుండా మూడు నిమిషాలు పట్టుకుంటాడు. ఇది నిన్న రాత్రి తట్టింది. ముద్దు సీను కన్నా ఇదే మిన్న అనుకుంటున్నాను గానీ, ముద్దు కూడా ఉంటుందిలే.

సబ్ఎడిటర్ గారూ, రెండు వాక్యాలూ కొట్టేశాను. చెయ్యి రాలేదు మొదట. ఎస్‌టీడీ సంగతి మీరు చెప్పాక కథ మొత్తం తిరగరాస్తున్నాను. విజయవాడ ఆవిడకి పెళ్లీడు దాటిపోయిందని, వీళ్లిద్దరి మాటలు వింటూ తనూ ఆ రాత్రుల కోసం ఎదురుచూస్తుందని అనుకుంటున్నాను. కానీ కలవకుండా మాత్రం ముగించను. పావలా కట్టి పుస్తకం తెచ్చుకున్నదాన్ని, చివర్లో వాళ్లు కలవకపోతే షాపువాడితో పోట్లాడిన మనిషిని. 2013లో టెలిగ్రాములు ఆపేసిన రోజు ఇద్దరూ తెనాలి తంతి ఆఫీసు ముందు వరసలో నిలబడతారు, ఒకరికొకరు టెలిగ్రాం ఇవ్వడానికి.

లాయరు గారూ, ఆ పిల్ల ఫోను సంగతి తీసేశాను. మీరన్నది నిజం.

కరీంనగర్ చెల్లీ, మైకు నొక్కి చెబుతున్నాను. బాగానే పడుతోంది. కానీ "ట్రంకు" అన్నప్పుడల్లా "ట్రక్కు" అని పడుతోంది, నా హీరోయిన్ రాత్రంతా ట్రక్కులు కలుపుతోంది. దీనికేమైనా మార్గముందా?