అప్‌డేట్: చక్రాలు తిరుగుతున్నాయి, కొత్త సెట్ కొనలేదు

వానలో తడిసిన మా అబ్బాయి స్కేట్‌బోర్డు చక్రాలు గరగరలాడుతున్నాయి, కొత్త బేరింగులు (చక్రం సాఫీగా తిరిగేందుకు లోపల ఉండే గుండ్ల రింగులు) కొనాలా అని పోయిన వారం అడిగాను. ముందు విప్పి కడిగి చూడమన్న వాళ్లందరికీ చాలా థాంక్స్.

ఆదివారం పొద్దున ఇద్దరం కూర్చున్నాం. ఇరుసు నట్టుకు 13 ఎంఎం స్పానర్ సరిపోయింది. చక్రాన్ని ఇరుసు చివరికి లాగి, కాస్త వంచి ఒత్తితే బేరింగు ఊడి వచ్చింది. రబ్బరు మూతను గుండుసూదితో లేపితే లోపల తుప్పు కలిసిన ఎర్రటి బురద! ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో (మురికి, జిడ్డు వదిలించే స్పిరిట్) వేసి కుదిపితే అదంతా టీ రంగుకు తిరిగింది. బాగా ఆరాక ఒక్కోదాంట్లో రెండు చుక్కలు కుట్టుమిషన్ నూనె వేశాం.

చక్రానికి రెండు చొప్పున ఉన్న ఎనిమిదింట్లో ఆరు బతికాయి. మిగతా రెండూ వేలితో తిప్పితే మధ్యలో పట్టేస్తున్నాయి. స్కేట్‌బోర్డుకు వాడేది 608 సైజే (లోపల 8, బయట 22, మందం 7 ఎంఎం) కాబట్టి వాటి బదులు కొత్తవి రెండు సికింద్రాబాద్ రాణీగంజ్‌లో మామూలు బేరింగుల షాపులోనే దొరికాయి.

నట్టు మాత్రం మరీ బిగించకండి. మేము బిగించేసరికి చక్రం మళ్లీ పట్టేసింది, టెన్షన్ పడ్డాం. పావు చుట్టు వదులు చేశాక సాఫీగా తిరిగింది. సాయంత్రం దాకా వాడు బోర్డు దిగలేదు.